వేడినీళ్లలో పెట్టగానే థర్మామీటర్ ముందు కిందికి ఎందుకు దిగింది?

గోదావరి టీచర్ | శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. నిన్న ఏడో తరగతిలో జరిగిన ఒక సంగతి ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది.

బీకరులో వేడినీళ్లు పోసి, ల్యాబ్ థర్మామీటర్ పట్టుకుని "పాదరసం ఎలా పైకి ఎక్కుతుందో చూడండి" అన్నాను. ముందు బెంచీ పాప వెంటనే "టీచర్, ముందు కిందికి దిగింది" అంది. నీకలా అనిపించి ఉంటుందిలే అన్నాను. ఆ పిల్ల వినలేదు, మళ్లీ పెట్టమంది. గది వేడికి వచ్చేదాకా ఆగి మళ్లీ పెట్టాం. ఈసారి నేను కళ్లు గీత మీదే ఉంచాను. 30 దగ్గర నిలబడి ఉన్న పాదరసం వెంట్రుకవాసి కిందికి జారింది, ఒక్క క్షణం ఆగింది, తర్వాత రివ్వున పైకి పోయింది.

పన్నెండేళ్లుగా ఈ ప్రయోగం చేయిస్తున్నాను, ఎప్పుడూ గమనించలేదు. సోమవారం ఆ పాపకి సరైన జవాబు చెప్పాలి. వేడి తగిలితే ద్రవం వ్యాకోచించాలి కదా, ముందు తగ్గడం ఏమిటి?

---

ల్యాబ్ మనిషి, విశాఖ | శనివారం రాత్రి 9:05

టీచర్ గారూ, మీ పాప చూసింది నూటికి నూరుపాళ్లు నిజం. ముప్పై ఏళ్లు కాలేజీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను, ఇది చాలాసార్లు చూశాను.

నీళ్ల వేడి ముందు తగిలేది పాదరసానికి కాదు, అడుగున దాన్ని పట్టి ఉంచే గాజు బల్బుకి. గాజూ వ్యాకోచిస్తుంది. లోపలి పాదరసానికి వేడి ఇంకా అందకముందే బల్బు ఒక పిసరు పెద్దదవుతుంది. గిన్నె పెద్దదయ్యాక అందులో ఉన్న సరుకు మట్టం తగ్గుతుంది కదా, అదే మీరు చూసిన దిగుడు. ఆ తర్వాత పాదరసం వేడెక్కుతుంది. అది గాజు కంటే చాలా ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ లోటు పూడ్చుకుని పైకి పోతుంది.

బల్బు గాజు పల్చన, పాదరసం లోహం కాబట్టి వేడిని తొందరగా అందుకుంటుంది. అందుకే ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. మామూలుగా ఎవరి కంటా పడదు.

---

డిగ్రీ ఫస్టియర్ | శనివారం రాత్రి 9:31

సార్, ఒక డౌట్. గాజు వేడెక్కితే అన్ని వైపులా పెరగాలి కదా. లోపలి వైపుకి కూడా పెరిగితే బల్బులో చోటు తగ్గాలి, పాదరసం పైకి తన్నాలి. మీరు చోటు పెరుగుతుంది అంటున్నారు, అదెలా?

---

ఎడ్లబండి | శనివారం రాత్రి 9:58

తమ్ముడూ, దీనికి నేను చెబుతా. మా తాత బళ్లు చేయించేవాడు. చెక్క చక్రం చుట్టూ వేసే ఇనుప పట్టాను కావాలనే చక్రం కంటే కాస్త చిన్నగా చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు అది చక్రానికి పట్టదు. నేల మీద పరిచి, చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాలుస్తారు. అప్పుడు నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీదికి దించితే వదులుగా దిగుతుంది. వెంటనే నీళ్లు గుమ్మరిస్తారు. చెక్క పొగలు కక్కుతుంది, పట్టా బిగుసుకుంటుంటే కీళ్లన్నీ టకటకమని దగ్గరికొచ్చిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నువ్వన్నట్టు ఇనుము లోపలి వైపుకి పెరిగేదైతే, కాల్చిన పట్టా ఇంకా బిగుతు కావాలి. కానీ దాని లోపలి కంత పెద్దదవుతుంది. ఏ వస్తువైనా వేడెక్కితే ఫొటోని పెద్దది చేసినట్టు మొత్తంగా పెరుగుతుంది, దాంతోపాటే అందులోని కంత కూడా. గాజు బల్బు లోపలి ఖాళీ కూడా అంతే.

---

డిగ్రీ ఫస్టియర్ | శనివారం రాత్రి 10:04

అర్థమైంది అన్నా. థాంక్స్. ఇది మా పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉంది, బొమ్మ కూడా లేదు.

---

లెక్కల పిచ్చి | శనివారం రాత్రి 10:47

అంకెలు వేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఘనపరిమాణం ఎంత పెరుగుతుందో చూడండి. పాదరసం లక్షకు 18 వంతులు. మామూలు గాజు లక్షకు రెండు, రెండున్నర వంతులు. అంటే మన కంటికి కనిపించేది పాదరసం వ్యాకోచం కాదు, రెండింటి తేడా. సుమారు లక్షకు 16 వంతులు.

ఇంత చిన్న తేడా కంటికి ఎలా ఆనుతుంది? బల్బులో 0.1 మిల్లీలీటరు పాదరసం ఉందనుకోండి, అంటే 100 ఘన మిల్లీమీటర్లు. ఒక డిగ్రీకి అందులో 0.016 ఘన మిల్లీమీటరు పైకి వస్తుంది. ఆవగింజలో చిన్న ముక్క కూడా కాదది. కానీ దానికి పోవడానికి ఉన్న దారి 0.05 మిల్లీమీటరు వ్యాసం ఉన్న కేశనాళిక మాత్రమే, అంటే మన వెంట్రుక మందం. దాని అడ్డుకోత వైశాల్యం దాదాపు 0.002 చదరపు మిల్లీమీటరు. భాగిస్తే 8 మిల్లీమీటర్ల ఎత్తు! జ్వరం చూసే థర్మామీటర్‌లో 35 నుంచి 42 దాకా 7 డిగ్రీలు, 7 ఎనిమిదులు 56. స్కేలు పెట్టి కొలవండి, ఆ గీతలన్నీ కలిపి ఇంచుమించు ఐదారు సెంటీమీటర్లే ఉంటాయి.

థర్మామీటర్ తెలివంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. పెద్ద బల్బు, సన్నని దారి. ద్రవం ఏదన్నది తర్వాతి మాట.

---

రెండు జడల అమ్మ | ఆదివారం ఉదయం 7:15

పాదరసం అన్నిటికంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టే వాడతారని మా అబ్బాయి గైడులో ఉంది. కరెక్టేనా?

---

ల్యాబ్ మనిషి, విశాఖ | ఆదివారం ఉదయం 8:02

కాదమ్మా, అది తప్పు. ఆల్కహాల్ లక్షకు 110 వంతుల దాకా వ్యాకోచిస్తుంది, పాదరసానికి ఆరు రెట్లు. పాదరసాన్ని ఎంచుకోవడానికి కారణాలు వేరు. గాజుకి అంటుకోదు, కాబట్టి దిగేటప్పుడు గోడల మీద తడి మిగలదు. మెరుస్తూ స్పష్టంగా కనిపిస్తుంది. వేడిని త్వరగా అందుకుంటుంది. సుమారు మైనస్ 39 దగ్గర గడ్డకడుతుంది, 357 దగ్గర మరుగుతుంది, మధ్యలో బోలెడంత మేర. అన్నిటికంటే ముఖ్యం, దాని వ్యాకోచం దాదాపు సమానంగా సాగుతుంది. 20 నుంచి 30కి ఎంత ఎక్కిందో, 70 నుంచి 80కీ ఇంచుమించు అంతే ఎక్కుతుంది. అందుకే గీతలు సమాన దూరంలో గీయగలుగుతున్నాం. జెనీవాకు చెందిన శాస్త్రవేత్త డెలూక్ 1772లో రకరకాల ద్రవాలను పోల్చి చూసి, పాదరసానిదే మేలైన నడక అని తేల్చాడు.

ఇదే ఆల్కహాల్ అయితే వేడెక్కేకొద్దీ ఎక్కువెక్కువ పెరుగుతుంది.

నీళ్లయితే అసలు పనికిరావు. 0 నుంచి 4 డిగ్రీల దాకా వేడిచేస్తే నీళ్లు సంకోచిస్తాయి, ఆ తర్వాతే వ్యాకోచం. నీళ్ల థర్మామీటర్‌లో ఒకే ఎత్తుకి రెండు వేర్వేరు ఉష్ణోగ్రతలు వస్తాయి. 2 డిగ్రీలా, 6 డిగ్రీలా అంటే చెప్పలేం.

గైడు రాసినవాళ్లు ఇది సరిచూసుకోవాల్సింది. పిల్లలు పరీక్షలో అదే రాస్తారు, బాధేస్తుంది.

---

మిన్నెసోటా నుంచి | ఆదివారం ఉదయం 8:40

మా ఇంటి కిటికీ బయట ఎర్ర ద్రవం థర్మామీటర్ ఉంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో పాదరసంది ఎందుకు పెట్టరా అనుకునేవాణ్ని. అమెరికాలోని ఈ రాష్ట్రంలోనే టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరిలో మైనస్ 51 డిగ్రీలు నమోదైంది. ఆ చలికి పాదరసం గడ్డకట్టి లోహపు పుల్లలా ఉండిపోతుంది. ఆల్కహాల్ మైనస్ 114 దాకా ద్రవంగానే ఉంటుంది. అసలు దానికి రంగుండదు, కనబడాలని ఎరుపు కలుపుతారు.

---

డిగ్రీ ఫస్టియర్ | ఆదివారం ఉదయం 9:10

ఆల్కహాల్ 78 దగ్గరే మరుగుతుంది కదా. మరి మా ల్యాబులో ఎర్ర థర్మామీటర్ల మీద 110 దాకా గీతలున్నాయి?

---

ల్యాబ్ మనిషి, విశాఖ | ఆదివారం ఉదయం 9:26

మంచి ప్రశ్న బాబూ. ఎర్రగా ఉన్నదల్లా ఆల్కహాల్ కాదు. ఎక్కువ వేడికి వాడేవాటిలో కిరోసిన్ జాతి ద్రవాలు పోస్తారు. పైన ఖాళీలో వాయువు నింపి ఒత్తిడి పెంచితే మరిగే స్థానం కూడా పైకి జరుగుతుంది.

ఇంకో మాట, చదివేటప్పుడు కన్ను ద్రవం మట్టానికి సూటిగా ఉండాలి. పాదరసం పైభాగం ఉబ్బెత్తుగా ఉంటుంది, దాని శిఖరం చూడాలి. ఎర్ర ద్రవం గాజుని తడుపుతుంది కాబట్టి మధ్యలో పల్లంగా ఉంటుంది, ఆ పల్లం అడుగు చూడాలి.

---

నైట్ డ్యూటీ నర్సు, కరీంనగర్ | ఆదివారం మధ్యాహ్నం 1:20

జ్వరం చూసే థర్మామీటర్ గురించి నేను చెప్పాలె. ఇరవై రెండేండ్ల కింద డ్యూటీలో చేరినప్పుడు మా చేతిల ఉన్నదంతా అదే.

దాని బల్బుకు పైన నాళంలో ఒక నొక్కు ఉంటుంది, గమనించండి. ఒంటి వేడికి పాదరసం వ్యాకోచించి ఆ ఇరుకులోంచి నెట్టుకుని పైకి పోతుంది. నోట్లోంచి తీయగానే బల్బులోది చల్లబడి సంకోచిస్తుంది, కానీ నొక్కు దగ్గర పాదరసం దారం తెగిపోతుంది. పైన ఎక్కినది అక్కడే నిలబడుతుంది. అందుకే బయటికి తీసి దీపం కాడికి తెచ్చుకుని చదవగలిగేవాళ్లం. మళ్లీ వాడాలంటే మణికట్టుతో విదిలించాలి. కొత్తగా వచ్చిన పిల్లలు విదిలించకుండనే పక్క పేషెంటుకు పెడితే, ముందటివాళ్ల జ్వరం వీళ్ల ఖాతాలో పడేది. నాకు మొదటి నెలలోనే ఇట్ల జరిగింది. జ్వరం తగ్గినామెకు 102 రాసిన. సిస్టర్ వచ్చి మళ్లీ చూస్తే 98.6. అప్పటినుంచి ప్రతిసారి 95 కిందికి దిగిందో లేదో చూసుకున్నాకనే పెడతాను.

ల్యాబ్ థర్మామీటర్‌కు ఈ నొక్కు ఉండదు. దాన్ని నీళ్లలో ఉంచే చదవాలి, విదిలించే పని లేదు. విదిలిస్తే బల్లకు తగిలి పగులుతుంది, అంతే.

ఇంకొకటి. దయచేసి జ్వరం థర్మామీటర్‌ను మరిగే నీళ్లతో కడగకండి. 42 సెల్సియస్ దాటినంక పాదరసానికి పోవడానికి చోటుండదు. ద్రవం నలగదు, గాజే పగులుతుంది. మా చుట్టాలింట్లో ఒక పిల్లగాడు బడి ఎగ్గొట్టాలని వేడి చాయ్‌లో ముంచితే గ్లాసులనే పగిలింది. ఆ చాయ్ పారబోసి, ఇంట్లో కిటికీలన్నీ తెరిపించినం.

---

రెండు జడల అమ్మ | ఆదివారం మధ్యాహ్నం 1:45

అక్కా, ఇంట్లో పగిలితే ఏం చెయ్యాలి? మా అల్మారాలో పాతదొకటి ఉంది, భయమేస్తోంది.

---

నైట్ డ్యూటీ నర్సు, కరీంనగర్ | ఆదివారం మధ్యాహ్నం 2:03

చీపురు పెట్టొద్దు, వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. పూసలు ఇంకా చిన్నగా చీలి ఇల్లంతా పోతాయి, ఆవిరి కూడా పెరుగుతుంది. పిల్లలను బయటికి పంపి, కిటికీలు తెరిచి, ఫ్యాన్ ఆపండి. గ్లౌజులు వేసుకుని, గట్టి అట్టముక్కలతో పూసలను దగ్గరికి తోసి, డ్రాపర్‌తో తీసి, మూత ఉన్న సీసాలో వేయండి. సన్నవి టేపుకు అంటుకుంటాయి. సింకులో పోయొద్దు. పాదరసం ఆవిరి కంటికి కనిపించదు, వాసన రాదు, కానీ నరాలకు, కిడ్నీలకు చెరుపు చేస్తుంది.

అల్మారాలో ఉన్నదాన్ని డబ్బాలో పెట్టి ఏదైనా ఆసుపత్రిలో ప్రమాదకర వ్యర్థాలు తీసుకుంటారేమో అడిగి ఇచ్చేయండమ్మా. మినమాటా అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పాదరసం థర్మామీటర్ల తయారీని 2020 నాటికి ఆపేయాలని దేశాలు ఒప్పుకున్నాయి. మన దేశం 2018లో అందులో చేరింది.

---

మబ్బుల కింద | ఆదివారం సాయంత్రం 5:50

మా నాన్న వాతావరణ కేంద్రంలో అబ్జర్వర్‌గా చేశారు. నొక్కు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. టీవీలో "రెంటచింతలలో ఇంత, రామగుండంలో ఇంత" అని చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత వెనక కూడా చాలా ఏళ్లు ఉన్నది అలాంటి నొక్కే. తెల్ల రంగు వేసిన, నాలుగు వైపులా వెదురు తడికలా గాలి ఆడే చెక్కపెట్టె ఉంటుంది, స్టీవెన్‌సన్ స్క్రీన్ అంటారు. ఎండ నేరుగా పడకుండా, గాలి మాత్రం ఆడేలా. లోపల గరిష్ఠ థర్మామీటర్ పాదరసంది, నొక్కుతో. మధ్యాహ్నం ఎంత ఎక్కిందో సాయంత్రం దాకా అక్కడే నిలబెడుతుంది.

కనిష్ఠానిది ఇంకా అందమైన ఏర్పాటు. అందులో ఆల్కహాల్. లోపల చిన్న డంబెల్ ఆకారపు గాజుపుల్ల మునిగి ఉంటుంది. థర్మామీటర్‌ను పడుకోబెట్టి ఉంచుతారు. రాత్రి చలికి ఆల్కహాల్ సంకోచిస్తుంటే దాని అంచుకున్న పొర ఆ పుల్లని కూడా వెనక్కి లాక్కుపోతుంది. తెల్లారి వేడెక్కి మళ్లీ వ్యాకోచిస్తే ద్రవం పుల్లని దాటుకుని ముందుకి పోతుంది, పుల్ల మాత్రం కదలదు. రాత్రి ఎంత చల్లబడిందో దాని కొస చెబుతుంది. ఉదయం ఎనిమిదిన్నరకి నాన్న వెళ్లి చదివి, మెల్లగా వంచి పుల్లని మళ్లీ ద్రవం అంచుకి చేర్చేవారు. ఒకసారి నన్ను ఎత్తుకుని చూపించారు. ఎర్రటి ద్రవంలో ఆ నల్లపుల్ల జారుకుంటూ వచ్చి అంచు దగ్గర ఠక్కున ఆగింది. పొరని చీల్చుకుని బయటికి రాలేదు. ఆరేళ్ల వయసులో చూసింది, ఇప్పటికీ కళ్లముందే ఉంది.

---

మణికొండ మేడ | ఆదివారం రాత్రి 7:34

పాత ల్యాబ్ థర్మామీటర్ ఒకటి ఉంది నా దగ్గర. మరిగే నీళ్లలో పెడితే 98 దాటట్లేదు. పాడైపోయినట్టేనా? పారేద్దామనుకుంటున్నా.

---

ల్యాబ్ మనిషి, విశాఖ | ఆదివారం రాత్రి 7:52

ఆగండి, పారేయకండి! హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ, నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. మీ థర్మామీటర్ నిజమే చెబుతోంది. మా విశాఖ బీచ్ రోడ్డులో పెడితే 100 చూపిస్తుంది.

సరిచూడాలంటే ఐసు వాడండి. ఫ్లాస్కులో బాగా నలగ్గొట్టిన ఐసు నింపి, సందులు నిండేంత మంచి నీళ్లు పోసి, పది నిమిషాలు ఉంచండి. సున్నా చూపించాలి. పాత థర్మామీటర్లు సున్నాకి కాస్త పైన చూపిస్తాయి. కాల్చి ఊదిన గాజు ఏళ్ల తరబడి లోలోపల సర్దుకుంటూ బల్బు కాస్త కాస్త కుంచించుకుంటుంది, అందుకే పాదరసం పైకి జరుగుతుంది. శాస్త్రవేత్త జౌల్ తన థర్మామీటర్ సున్నాని 1844 నుంచి 1882 దాకా ఓపిగ్గా చూస్తూ పోయాడు. 38 ఏళ్లలో అది సుమారు ఒక ఫారన్‌హీట్ డిగ్రీ పైకి జరిగింది, చివరికి కూడా పూర్తిగా ఆగలేదు.

---

బైక్ మీద | ఆదివారం రాత్రి 8:15

వ్యాకోచం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ కొట్టిస్తే ఎక్కువ వస్తుందంటారు, నిజమా?

---

లెక్కల పిచ్చి | ఆదివారం రాత్రి 8:33

పెట్రోల్ లక్షకు 95 వంతులు. 10 డిగ్రీల తేడాకి 5 లీటర్ల మీద 47 మిల్లీలీటర్లు. కానీ బంకులో ట్యాంకు భూమిలో ఉంటుంది, పొద్దుటికీ మధ్యాహ్నానికీ దాని వేడి పెద్దగా మారదు. దానికోసం నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. తిరిగి థర్మామీటర్ దగ్గరికి వద్దాం.

టీచర్ గారూ, రేపు క్లాసులో ఆ దిగుడుని అందరికీ కనిపించేలా చేయొచ్చు. 100 మి.లీ. గాజు సిరప్ సీసా నిండా నీళ్లు, దాని మూతలో దూర్చడానికి ఖాళీ బాల్‌పెన్ రీఫిల్ చాలు. లెక్క వేశాను. రీఫిల్ రంధ్రం 1.6 మి.మీ. అయితే అందులో నీళ్ల మట్టం డిగ్రీకి దాదాపు 14 మి.మీ. కదులుతుంది. ప్లాస్టిక్ సీసా వద్దు, చేతి ఒత్తిడికే నొక్కుకుపోతుంది.

---

ల్యాబ్ మనిషి, విశాఖ | ఆదివారం రాత్రి 8:50

నీళ్లు మరిగించి చల్లార్చినవి పోయండి. లేకపోతే కరిగి ఉన్న గాలి బుడగలుగా వచ్చి లెక్క చెడుతుంది. మూత కంతలో రీఫిల్ దూర్చి ఎం-సీల్‌తో మూసేయండి, రాత్రే చేసి ఆరబెట్టండి. ఇటలీలోని ఫ్లారెన్స్‌లో అకాడెమియా డెల్ చిమెంతో అనే శాస్త్రవేత్తల సంఘం వాళ్లు కూడా సన్నని మెడ ఉన్న గాజు సీసాతోనే ఈ దిగుడుని చూసి, 1667లో అచ్చేసిన పుస్తకంలో రాశారు. మీ పాపది వాళ్ల చూపే.

---

గోదావరి టీచర్ | సోమవారం సాయంత్రం 6:20

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. చేశాం.

నీళ్లలో నాలుగు చుక్కల నీలం సిరా కలిపాను. మొదటిసారి బాగా వేడినీళ్లలో పెట్టాం, నిమిషంలోపే రీఫిల్ పైనుంచి సిరా నీళ్లు పొంగి సీసా మీదికి కారాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు కానీ దిగుడు ఎవరూ సరిగ్గా చూడలేదు. చల్లార్చి, కారినంత మళ్లీ నింపి, రెండోసారి గోరువెచ్చని నీళ్లలో పెట్టాం. రీఫిల్ మీద మట్టం దగ్గర ముందే స్కెచ్ పెన్నుతో గీత పెట్టాను.

నీలిగీత చిటికెనవేలి గోరంత కిందికి జారింది. క్లాసులో ఊపిరి చప్పుడు కూడా లేదు. ఆగింది. తర్వాత మెల్లగా ఎక్కి గీత దాటిపోయింది. "సీసా ముందు లావైంది టీచర్" అని వెనక బెంచీ నుంచి ఒకడు అరిచాడు. బండిచక్రం పట్టా సంగతి చెప్పాను. ఇద్దరు పిల్లలు వాళ్ల ఊళ్లో చూశామన్నారు. శుక్రవారం "నీకలా అనిపించి ఉంటుందిలే" అన్నందుకు ఆ పాపకి అందరి ముందూ సారీ చెప్పాను.

గంట కొట్టేశారు, అందరూ సంచులు సర్దుకుంటున్నారు. ఆ పాప మాత్రం సీసా దగ్గరే నిలబడి, "టీచర్, దీన్ని ఇప్పుడు కుండలో నీళ్లలో పెడితే, సీసా ముందు చిన్నదవుతుంది కదా. అప్పుడు నీళ్లు ముందు పైకి ఎక్కాలి" అంది.

పెట్టాం. ఎక్కాయి.